బయోచార్ వేసిన ముప్పై చెట్లు పసుపెక్కాయి, మామగారు ఇక వద్దంటున్నారు

పాకాల మండలం నుంచి ఒక మహిళా రైతు రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఉత్తరం పొడవైనది కాబట్టి సారం ఇస్తున్నాం.

ఆమె వయసు 36. భర్త బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తారు. నాలుగెకరాల మామిడి తోపును ఆమె, 72 ఏళ్ల మామగారు చూసుకుంటున్నారు. ఎర్రనేల, మొత్తం 160 చెట్లు. ఎక్కువ తోతాపురి, కొన్ని నీలం. అన్నీ మామగారు పాతికేళ్ల కిందట నాటినవే. బోరు ఉంది కానీ వేసవిలో నీళ్లు అంతంతమాత్రం. ఇంట్లో రెండు పాడి ఆవులున్నాయి.

నిరుడు సెప్టెంబరు మొదటి వారంలో ఆమె డ్వాక్రా అప్పు డబ్బుతో బొగ్గుల బట్టీ దగ్గర నుసి కొని, బయోచార్ (నేలకు వేయడానికి కట్టెను పూర్తిగా బూడిద కానివ్వకుండా కాల్చి చేసే బొగ్గు) అనుకుని గెనిమ (గట్టు) పక్క వరుసల్లోని 30 చెట్లకు వేశారు. చెట్టుకు 10 కిలోలు. మొదలుకు రెండడుగుల దూరంలో చుట్టూ అడుగు లోతు గాడి తీయించి, అందులో బొగ్గు పోసి మట్టి కప్పారు. అక్టోబరు మధ్యకల్లా ముదురాకులు పాలిపోయి పసుపెక్కాయి, కొన్ని రాలాయి. భయపడి అక్టోబరు చివర చెట్టుకు కిలో యూరియా వేశారు. ఆకులు పచ్చబడి నవంబరు చివరకు చిగుళ్లు గుబురుగా వచ్చాయి. జనవరిలో మాత్రం పూత పలచగా వచ్చింది, ఆ చెట్లలో కాపు సగానికి పడింది. తోపు మొత్తం మీద 14 టన్నుల కాయ దిగింది.

"వేరు జోలికి పోవద్దంటే వినలేదు, ఇక ఒక్క గంప బొగ్గు కూడా తోపులోకి రాకూడదు" అని మామగారు తేల్చేశారు. అప్పటినుంచి ఆయన సరిగా మాట్లాడటం లేదట. ఇంతలో ఒక వ్యాపారి కిలో 25 రూపాయల చొప్పున తోపు మొత్తానికి 1,600 కిలోల బయోచార్ ఇస్తాననీ, దిగుబడి రెట్టింపవుతుందనీ చెబుతున్నాడు. భర్త "కొందాం, అదీ కాకపోతే చెట్లు కొట్టేసి వేరే పంట చూద్దాం" అంటున్నారు. బొగ్గు వల్లే చెట్లు చెడ్డాయా, ఆ ముప్పై చెట్లు కోలుకుంటాయా, కొనాలా వద్దా, మామగారికి ఎలా చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో రెండు నష్టాలు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తున్నాయి. ఆకులు పసుపెక్కడం ఒకటి, పూత రాకపోవడం ఇంకొకటి. మొదటిదానికి బొగ్గూ, మీరు తీయించిన గాడీ కారణం. రెండోదానికి చాలావరకు ఆ యూరియా కారణం. వీటిని విడదీసి చూస్తే మీ మామగారితో మాట్లాడటం కూడా తేలికవుతుంది. ఎందుకంటే ఆయన అన్న మాటలో సగం నిజం.

ముందు బొగ్గు సంగతి. బయోచార్‌లో చెట్టుకు తిండి పెద్దగా ఉండదు. బూడిదతోపాటు కాస్త పొటాష్, కాస్త సున్నం వస్తాయి, అంతే. దాని విలువంతా లోపలి సన్న రంధ్రాల్లో ఉంది. వాటిలో నీరు, పోషకాలు నిలుస్తాయి, సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. కొత్త బొగ్గు ఖాళీ గాదె లాంటిది. దాన్ని నింపకుండా మట్టిలో వేస్తే చుట్టుపక్కల దొరికిన నత్రజనిని ముందు తనలోకి లాక్కుంటుంది. పైగా బట్టీ నుసిలో సరిగా కాలని, తారు జిగురున్న ముక్కలు కలిసి ఉంటాయి. వాటిని తినే సూక్ష్మజీవులు కూడా మట్టిలోని నత్రజనినే వాడుకుంటాయి. మన ఎర్రనేలల్లో సేంద్రియ పదార్థం ఎలాగూ తక్కువ, నత్రజని అంతకన్నా తక్కువ. ఉన్న కొంచెమూ బొగ్గు పట్టుకుంటే చెట్టు ముదురాకుల్లోని నత్రజనిని తీసి చిగురుకు పంపుతుంది. ముదురాకులు ముందుగా, ఆకంతా ఒకే తీరుగా పసుపెక్కాయని మీరు రాశారు. అది నత్రజని కరువుకు స్పష్టమైన గుర్తు. లేతాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే ఇనుము లోపం అనుకోవాలి. ఆకులు చిన్నవై, సన్నబడి, గుత్తులుగా వస్తే జింకు లోపం. మీ చెట్లలో ఆ రెండూ కనిపించలేదు కాబట్టి ఊపిరి పీల్చుకోండి.

ఇక గాడి. మామిడిలో నీళ్లనూ ఎరువునూ తీసుకునే సన్నవేర్లు ఎక్కువగా కొమ్మల అంచు కింద ఉంటాయి. మొదలు దగ్గర ఉండేవి చెట్టును నిలబెట్టే లావు వేర్లు. రెండడుగుల దూరంలో చుట్టూ అడుగు లోతు తవ్వితే ఆ లావు వేర్లు తెగుతాయి. ఒక్కో లావు వేరు వెంట దాని చివరనున్న సన్నవేర్లన్నీ పోయినట్టే. ఆకు రాలడానికి ఇది కూడా కారణం. తెగిన చోట బూజు తెగుళ్లకు, చెదలకు దారి దొరుకుతుంది. వేరు జోలికి పోవద్దని మీ మామగారు అన్నది ఇక్కడ నూటికి నూరు పాళ్లు సరైన మాట.

పూత విషయానికొస్తే, తోతాపురి పూయాలంటే వర్షాకాలం మొదట్లో వచ్చిన చిగురు ముదిరి, శీతాకాలం నాటికి కొమ్మ పెరుగుదల ఆపి విశ్రాంతిలోకి పోవాలి. అందుకే అక్టోబరు నుంచి తోపుకు నీళ్లు ఆపుతారు. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాలకు ఈశాన్య రుతుపవనాల వానలు సరిగ్గా అప్పుడే వస్తాయి, ఆ తేమ మన చేతుల్లో లేదు. ఆ తేమకు అక్టోబరు చివర కిలో యూరియా తోడైతే చెట్టు పూమొగ్గకు బదులు ఆకు చిగురు వేస్తుంది. నవంబరు చివర వచ్చిన ఆ చిగురు జనవరికి ముదరదు, పూయదు. మీ ముప్పై చెట్లలో జరిగింది ఇదే. బొగ్గు వేయకపోయినా, ఆ యూరియా ఒక్కటి వేసి ఉంటే పూత ఇలాగే దెబ్బతినేది.

ఇంకొక మాట మీరు ఉత్తరం చివర, బ్రాకెట్లో రాశారు: గెనిమ పక్క చెట్లు "మొదటినుంచీ కాస్త తక్కువే కాసేవి" అని. అంచు వరుసల్లో గులకరాయి ఎక్కువ, మట్టి లోతు తక్కువ, ఎండ, గాలి రెండూ ఎక్కువ. వాటిని తోపు నడుమ చెట్లతో పోల్చి బొగ్గును మెచ్చుకున్నా, తిట్టినా న్యాయం కాదు.

ఆ ముప్పై చెట్లు కోలుకుంటాయి. వేసిన బొగ్గును తవ్వి తీయొద్దు, మళ్లీ వేర్లు తెగుతాయి. అది మట్టిలో ఉన్నచోటే నిండుతుంది. ఇప్పుడు కోత అయిపోయింది, వానలు పడుతున్నాయి, ఇదే అదను. చెట్టుకు 50 కిలోల బాగా చివికిన దిబ్బెరువు పాత గాడి మీదుగా కొమ్మల అంచు దాకా పరిచి, పైపైన రెండు మూడు అంగుళాలు మాత్రమే కలియబెట్టండి. వారం తర్వాత పేడనీళ్లు, ఆవు మూత్రం పదింతల నీళ్లలో కలిపి చెట్టుకు రెండు మూడు బిందెలు పోయండి. పదేళ్లు దాటిన చెట్టుకు సిఫార్సు చేసే ఏడాది మోతాదు నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కొక్కటి కిలో. కిలో నత్రజని అంటే సుమారు 2.2 కిలోల యూరియా, కిలో భాస్వరం అంటే 6.25 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, కిలో పొటాష్ అంటే 1.7 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. ఇంత మోతాదు మీరు ఎన్నడూ వేయకపోతే సగంతో మొదలుపెట్టండి. ఎంత వేసినా నత్రజని మాత్రం ఆగస్టు దాటనివ్వకండి. సెప్టెంబరు తర్వాత ఆకు ఎంత పాలిపోయినా యూరియా సంచి విప్పవద్దు.

వ్యాపారి లెక్క ఇప్పుడు చూద్దాం. 1,600 కిలోలు, కిలో 25 చొప్పున 40,000 రూపాయలు. 2025 సీజన్లో తోతాపురి ధర కుప్పకూలినప్పుడు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 రూపాయలు రైతుకు అందేలా నిర్ణయించారు. ఆ 12 రూపాయలే పట్టుకుంటే, 40,000 తిరిగి రావడానికి 3.3 టన్నుల కాయ అదనంగా పండాలి. మీ 14 టన్నుల మీద అది దాదాపు 24 శాతం. ర్యాంపులో (వ్యాపారులు కాయ కొనే చోట) 6 రూపాయలే పలికితే 6.7 టన్నులు, అంటే 48 శాతం అదనంగా పండితే అసలు చేతికొస్తుంది. కోత కూలి, బండి ఖర్చు ఇందులో కలపలేదు.

అంత పెరుగుతుందా? బయోచార్ మీద పలు దేశాల్లో జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన 2017 నాటి ఒక విశ్లేషణలో ఉష్ణమండల ప్రాంతాల్లో దిగుబడి సగటున 25 శాతం పెరిగింది, సమశీతోష్ణ దేశాల్లో పెరుగుదల దాదాపు లేదు. పెరిగిన చోట్ల నేలలు ఎక్కువగా ఆమ్ల గుణం ఉన్నవి, సారం తక్కువవి. అందులో ఎక్కువ భాగం ఏడాది పంటలు. పాతికేళ్ల మామిడి చెట్టు అంత తొందరగా స్పందించదు. రెట్టింపు మాట నమ్మదగింది కాదు. అలాగని బయోచార్ పనికిరానిదీ కాదు. గులకా ఇసుకా కలిసిన ఎర్రనేలలో, కంపోస్టుతో కలిసి, రెండు మూడేళ్లలో తేమ నిలపడానికీ ఎరువు వృథా తగ్గించడానికీ అది బాగా ఉపయోగపడుతుంది. కంపోస్టు మన ఎండలకు ఏడాది రెండేళ్లలో కరిగిపోతుంది, బొగ్గు దశాబ్దాలు, శతాబ్దాలు మట్టిలో ఉంటుంది. అమెజాన్ అడవుల్లో వందల, వేల ఏళ్ల కిందటి మనుషులు బొగ్గు, ఇంటి చెత్త కలిపి తయారుచేసిన నల్లమట్టి ఇప్పటికీ సారంతో ఉంది. కాబట్టి దీన్ని ఒక్కసారి వేస్తే చాలు. ఏటా కొనాల్సిన సరుకని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి.

కొనే పక్షంలో ఒక జాగ్రత్త. ఆర్పిన బొగ్గు తన బరువుకు సమానమైన నీళ్లను సులువుగా పట్టుకుంటుంది. తడి సరుకును కిలోల లెక్కన కొంటే సగం డబ్బు నీళ్లకే పోతుంది. సంచుల లెక్కనో, 20 లీటర్ల బక్కెట్ల లెక్కనో బేరం చేయండి. పొడి బయోచార్ బక్కెట్టుకు 4 నుంచి 5 కిలోలు తూగుతుంది. గుప్పెడు తీసుకుని చేతిలో నలపండి. ఉత్త నీళ్లతో కడిగితే పోవాలి. సబ్బు పెట్టినా జిడ్డు వదలకపోతే అది సగం కాలిన సరుకు. ఇటుక బట్టీలు, బాయిలర్లలో మండించిన నేలబొగ్గు బూడిదను మాత్రం తోపు గడప తొక్కనివ్వకండి.

మీ ముందున్న దారులు నాకు కనిపించినంతలో ఇవి. వ్యాపారి దగ్గర కొని ఈ ఏడే తోపంతా వేయడం ఒకటి. పని తొందరగా అవుతుంది, కానీ అప్పు మీద అప్పు, మామగారి మాట కాదన్నట్టు, పోల్చి చూడటానికి ఒక్క చెట్టూ మిగలదు. ఈ దారి నేను సూచించను. బొగ్గు ఊసెత్తకుండా మూడేళ్లు కంపోస్టు, పచ్చిరొట్ట మీదే నిలబడటం రెండోది. ఇది సురక్షితం, ఇంట్లో గొడవ ఉండదు, చెట్టుకు మేలు జరుగుతుంది. బోరు నీళ్లు తగ్గే మార్చి, ఏప్రిల్ నెలల్లో మాత్రం బొగ్గు కలిస్తే దొరికే అదనపు తేమ దొరకదు. మూడోది, మీ తోపులో కత్తిరించిన కొమ్మలతోనే కొద్దికొద్దిగా బయోచార్ చేసి, కంపోస్టుతో నింపి, ఏడాదికి 40 చెట్ల చొప్పున నాలుగేళ్లలో తోపు చుట్టేయడం. డబ్బు ఖర్చు తక్కువ, ఒళ్లు కష్టం ఎక్కువ. చెట్లు కొట్టేయడం గురించి మీ ఆయన అన్నది ధర మీద కోపంతో అన్న మాటలా ఉంది. ధర సమస్యను నేల బాగుచేసి తీర్చలేం, నేల సమస్యను చెట్టు కొట్టి తీర్చలేం. ఆ నిర్ణయం ఒక్క సీజన్ రేటు చూసి తీసుకోవద్దని మాత్రం చెప్పగలను. కావాలంటే తోతాపురి చెట్ల మీద వేరే రకం అంటు మార్చుకునే పద్ధతి కూడా ఉంది, పాతికేళ్ల వేరు వృథా కాదు.

దారి ఏదైనా మొదట చేయాల్సింది మట్టి పరీక్ష. చెట్టు కొమ్మల అంచు దగ్గర ఒక అడుగు లోతు వరకు ఒకటి, అడుగు నుంచి రెండడుగుల వరకు ఇంకొకటి, తోపులో ఎనిమిది పది చోట్ల తీసి, ఏ లోతుకు ఆ లోతు కలిపి అరకిలో చొప్పున ఇవ్వండి. గెనిమ పక్క మట్టిని వేరుగా ఇవ్వండి. మీ రైతు సేవా కేంద్రం ద్వారా పంపవచ్చు, తిరుపతిలోని మట్టి పరీక్ష కేంద్రంలో నేరుగానూ ఇవ్వవచ్చు. బోరు నీళ్లు కూడా ఒక సీసా పంపండి. బయోచార్‌కు సున్నపు గుణం ఉంటుంది, దాని పీహెచ్ (పులుపు, సున్నపు గుణాల కొలత; 7 నడిమి అంకె) తరచూ 8 నుంచి 10 దాకా పోతుంది. మీ నేల పీహెచ్ 6.5 లోపు ఉంటే నిశ్చింతగా వేయండి. 7.5 దాకా ఉంటే తక్కువ మోతాదులో, కంపోస్టుతో కలిపి వేయవచ్చు. 8 దాటితే వద్దే వద్దు. అక్కడ బొగ్గు జింకు, ఇనుము అందకుండా చేసి కొత్త జబ్బు తెచ్చిపెడుతుంది, కంపోస్టు ఒక్కటే దారి. ఒకే తోపులో కూడా ఒక మూల తెల్ల సున్నపురాయి తగిలే నేల ఉండవచ్చు, ఆ చెట్లను వదిలేయండి.

మూడో దారి ఎంచుకుంటే పని ఇలా సాగుతుంది. కోత అయిన వెంటనే లోపలి ఎండుకొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి, పురుగు తొలిచినవి కత్తిరించండి. కాండం తొలిచే పురుగున్న కొమ్మలు, ఎండుతెగులు కొమ్మలు కంపోస్టులో వేస్తే జబ్బు మిగిలిపోయే ప్రమాదం ఉంది, బొగ్గు చేస్తే పురుగూ తెగులూ అందులోనే పోతాయి. చేతి మణికట్టు లావు లోపు కొమ్మలు చాలు, అంతకు మించితే చీల్చండి. బాగా ఎండాలి. విరిస్తే టక్కున విరగాలి. పచ్చి కట్టె వేస్తే పొగ తప్ప బొగ్గు రాదు. చెట్టుకు పది కిలోల ఎండు కట్టె వచ్చినా 160 చెట్లకు 1,600 కిలోలు, దాని నుంచి సుమారు 300 కిలోల బొగ్గు. కంది కట్టె, చేనులో పెరిగిన సర్కారు తుమ్మ కూడా పనికొస్తాయి. చెనక్కాయ పొట్టును కట్టె మంట మీద పలచగా చల్లుతూ వేయాలి, ఒక్కసారిగా పోస్తే మంట ఆరిపోతుంది.

తోపుకు దూరంగా, గడ్డి లేని చోట గుంత తీయండి. పైన అయిదడుగుల వెడల్పు, కింద రెండున్నర అడుగులు, లోతు రెండున్నర అడుగులు, పక్కలు ఏటవాలుగా. అడుగున సన్న కట్టె పేర్చి పైనుంచి అంటించాలి. పైనుంచి మంట దిగుతుంటే పొగ ఆ మంటలోనే కాలిపోతుంది. నిప్పులు పరుచుకున్నాక ఒక పొర కట్టె వేయండి. ఆ పొర మీద తెల్లని బూడిద పలచగా కనిపించడం మొదలవగానే తరువాతి పొర వేయాలి. మొత్తం పనిలో కన్ను పెట్టాల్సింది ఇక్కడే. తొందరపడి వేస్తే నల్లపొగ, సగం కాలిన కట్టె. ఆలస్యమైతే బొగ్గంతా బూడిదవుతుంది. పై మంట గాలిలోని ప్రాణవాయువును తానే వాడేసుకుంటుంది కాబట్టి కింది నిప్పులు బూడిద కాకుండా బొగ్గుగా మిగులుతాయి. మూడు నాలుగు గంటల్లో గుంత నిండుతుంది. వెంటనే నీళ్లతో ఆర్పాలి, రెండు మూడు 200 లీటర్ల డ్రమ్ముల నీళ్లు ముందే దగ్గర పెట్టుకోండి. చివరి డ్రమ్ములో పేడ, ఆవు మూత్రం కలిపి పోస్తే బొగ్గు ఆరుతున్నప్పుడే నిండటం మొదలవుతుంది. అంచులు నానేలా పోయాలి. లోపల ఒక్క నిప్పురవ్వ మిగిలినా తెల్లారేసరికి గుంత నిండా బూడిదే ఉంటుంది. ఇలాంటి గుంతకు 600, 700 కిలోల ఎండు కట్టె పడుతుంది, 100 నుంచి 150 కిలోల బొగ్గు వస్తుంది. రెండుసార్లు చేస్తే 40 చెట్లకు సరిపోతుంది. ఈదురుగాలి ఉన్న రోజు చేయవద్దు. నైలాన్ చీర కట్టుకుని దగ్గరికి పోవద్దు. గుంత మీదికి వంగి పొగ పీల్చవద్దు.

తడిగా ఉన్నప్పుడే గోనె పట్టా కింద వేసి తొక్కితే లేదా దిమ్మిసతో కొడితే గోలీ కాయంత ముక్కలవుతుంది. పొడి బొగ్గును దంచకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడు. మరీ పిండిలా చేయనక్కరలేదు.

నింపడానికి మంచి పద్ధతి, కంపోస్టు కుప్ప వేసేటప్పుడే బొగ్గును పదో వంతు కలపడం. అయిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కుప్పలో ఒక పొర ఎండాకు, చెత్త, దాని మీద పేడ, పచ్చాకు, ఆ పైన పలచగా బొగ్గు. కానుగ, గిరిపుష్పం ఆకు దొరికితే కలపండి. మామిడాకు మందం, ఊరికే చివకదు, ముక్కలు చేసి పేడనీళ్లలో తడిపి వేయాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారితే నీరు ఎక్కువ. నాలుగో రోజుకు కుప్పలో చేయి పెట్టలేనంత వేడి రావాలి. రాకపోతే పేడ తక్కువైందనో, తడి చాలలేదనో అర్థం. పదిహేను రోజులకోసారి తిరగేస్తే మూడు నెలల్లో సిద్ధం. బొగ్గు ఉన్న కుప్ప నుంచి అమ్మోనియా ఘాటు తక్కువ వస్తుంది, అంటే గాలిలో పోయే నత్రజని బొగ్గులో ఆగుతోంది. పండు ఈగ పట్టి రాలిన కాయల్ని కుప్ప అంచున వేయకండి, వేడి ఉన్న నడుమ భాగంలో పూడ్చండి. ఇంత వ్యవధి లేకపోతే చివికిన ఎరువు నాలుగు బక్కెట్లకు బొగ్గు ఒక బక్కెట్టు కలిపి, పేడనీళ్లతో తడిపి, నీడలో గోనె కప్పి నెల రోజులు ఉంచండి. పచ్చిపేడ తోపులోకి వద్దు, అది వేరుపురుగునూ కలుపు విత్తనాలనూ వెంట తెస్తుంది.

చెట్టుకు ఇలా నింపిన బొగ్గు ఒక బక్కెట్టు, అంటే 5 కిలోల లోపు, దానితో 50 కిలోల కంపోస్టు. మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ ఎక్కడ ఆగుతుందో చూసి, దానికి అడుగు లోపలగా అర్ధచంద్రాకారంలో గాడి తీయండి. అడుగు వెడల్పు, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు, అంతే. ఈ ఏడు ఒక పక్క, మళ్లీ ఏడు రెండో పక్క కంపోస్టుతో. పార కింద వేలి లావు వేరు తగిలితే అక్కడ ఆపి పక్కకు జరగాలి. మట్టితో కలిపి పూడ్చి, పైన ఎండాకు పరచండి, మొదలుకు అడుగు దూరం వదలాలి. బొగ్గు తేలికైనది, పూడ్చకుండా వదిలితే అక్టోబరు వానకు తేలి గెనిమ దాటిపోతుంది.

రెండు ఆవుల పేడతో ఏటా మూడు నాలుగు టన్నుల కంపోస్టు అవుతుంది. 160 చెట్లకు 50 కిలోల లెక్కన 8 టన్నులు కావాలి. లోటును పేడ కొని పూడ్చుకోవద్దు. వరుసల మధ్య ఇప్పుడు జనుము చల్లి, పూతకొచ్చే 45 రోజులకు కలియదున్నండి. గాలిలోని నత్రజని మీ మట్టిలోకి ఊరికే వస్తుంది. మేకలు, పశువులు తోపులోకి వచ్చే ఊరైతే ఉలవలు వేసుకోండి, కొంత మేతకైనా పనికొస్తుంది.

ఇక మీ మామగారు. బొగ్గు మంచిదని ఆయన చేత ఒప్పించాలని చూడకండి. గాడి విషయంలో మీరు చెప్పింది నిజం, వేర్లు తెగాయి, ఇక మొదలు దగ్గర తవ్వం అని ముందు చెప్పండి. యూరియా సంగతి ఆయనకు విడమరచండి. అక్టోబరు తర్వాత నత్రజని పడితే చిగురు వస్తుందన్నది ఆయన అనుభవంలోనూ ఉండే ఉంటుంది. తర్వాత తోపు నడుమ ఒకే తీరుగా కాసే ముప్పై చెట్లను ఆయన్నే ఎంచమనండి. వాటిలో పదింటికి కంపోస్టు, పదింటికి కంపోస్టుతో బొగ్గు, పదింటికి ఆయన ఎప్పుడూ చేసినట్టే. ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా కలిపి, కాండానికి సున్నంతో వేర్వేరు గుర్తులు పెట్టండి. ఆయన నమ్మేది కళ్లతో చూసిందే కాబట్టి లెక్క కూడా ఆయన చేతికే ఇవ్వండి. మార్చిలో జానెడు లోతు మట్టి తీసి తేమ చూడటం, గోలీ సైజులో రాలిన పిందెలు ఎక్కడ ఎక్కువో గమనించడం, కోతప్పుడు చెట్టు గుర్తు ప్రకారం క్రేట్లు వేరుగా తూకం వేయడం. మొదటి ఏడు తేడా కనబడకపోవచ్చు, అది ముందే చెప్పి ఉంచండి. రెండు కోతలు చూశాక కూడా తేడా లేకపోతే బొగ్గు ఆపేసి కంపోస్టు మీద ఉండిపోవచ్చు, ఏడాదికి 40 చెట్ల పని ఈ పరీక్ష తేలాకే మొదలుపెడితే మీరు పోగొట్టుకునేది పది చెట్ల కష్టమే. ఆయన ఈ ఏడు అసలు వద్దంటే, కంపోస్టు, జనుముతో ఈ సీజన్ గడపండి. కొమ్మలు మాత్రం తగలబెట్టకుండా ఎండబెట్టి దాచండి. ఏడాది ఆలస్యంతో తోపుకు నష్టం లేదు, ఇంట్లో మాటలు తెగితే ఇద్దరే చూసుకునే తోపుకు నష్టం ఉంది. మీ ఆయన ఫోన్లో తండ్రికి చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది: చెట్లు కొట్టే ఆలోచన లేదని. పాతికేళ్లు పెంచిన మనిషికి బొగ్గు కన్నా ఆ భయమే పెద్దదై ఉండవచ్చు.

చివరగా, పూత కోసం కల్టార్ వాడే ఆలోచన ఉంటే బొగ్గు వేసిన చెట్లకు వద్దు. మట్టిలో పోసే ఆ మందును బొగ్గు గట్టిగా పట్టేసుకుంటుంది, వేర్లకు తక్కువ చేరుతుంది. పని చేయలేదని మోతాదు పెంచితే ఖర్చే తప్ప ఫలితం ఉండదు. గడ్డి మందులకూ ఇదే వర్తిస్తుంది. మట్టి, నీళ్ల పరీక్ష కాగితాలు రాగానే పీహెచ్, ఈసీ (లవణాల కొలత), సేంద్రియ కర్బనం, జింకు, బోరాన్ అంకెలు రాసి పంపండి. గెనిమ పక్క చెట్లకు జింకు, బోరాన్ అవసరమో కాదో అవి చూసి చెబుతాం.